మేనమామ చూడకూడని పన్ను

పొద్దున్నే మా ఇంట్లో మొదట వినిపించేది పళ్ల చప్పుడు. గ్లాసులో నానబెట్టిన కట్టుడు పళ్లను మా అబ్బాయి బయటికి తీసి, విదిలించి, నోట్లో పెట్టుకుని, సరిగ్గా కూర్చున్నాయో లేదో అని టకటకా ఆడించి చూసుకుంటాడు. పదకొండేళ్ల పిల్లవాడు. ఆ తరువాత బనీనును నల్లా కింద తడిపి, పిండి, తొడుక్కుని, దానిమీద యూనిఫాం చొక్కా వేసుకుంటాడు. గద్వాల ఎండ సంగతి ఇక్కడ ఉన్నవాళ్లకు నేను చెప్పేదేముంది. "గట్ల తడిబట్టలు తొడిగితే పిలగానికి సర్ది గాదా?" అని పక్క వాటాలోకి కొత్తగా దిగినవాళ్లు అడుగుతారు. మొదట్లో అందరికీ కూర్చోబెట్టి చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం మానేశాను. నాకు ఓపిక తక్కువని మా బడిలో పిల్లలను అడిగినా చెబుతారు.

వాడు బతికి ఉన్నాడు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నేను అనుకునే మాట ఇదే. వాడు బతికి ఉండడానికి కారణం మా అన్న. ఇంట్లో పెద్దవాళ్లంతా కలిసి పెట్టిన ఒక కట్టడిని మా అన్న ఒక మధ్యాహ్నం లెక్కచేయలేదు. ఆ సంగతి రాసి పెట్టాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

నా అత్తగారిల్లు ఉప్పునుంతల. పుట్టిల్లు గోపాల్‌పేట దగ్గర ఒక పల్లె. నేను తెలుగు టీచర్ని. అప్పట్లో ఉప్పునుంతల వైపే పని చేసేదాన్ని. వాడు పుట్టి ఏడాది దాటినా నోట్లో ఒక్క పన్ను రాలేదు. తలమీద వెంట్రుకలు కూడా పల్చగా, మొక్కజొన్న పీచులా ఉండేవి. "లేటుగ వచ్చిన పళ్లు గట్టిగుంటయి, నువ్వేం బుగులు వడకు" అని మా అత్త ధైర్యం చెప్పేది. పాపం, ఆమెకు తెలిసిన ధైర్యమంతా చెప్పింది. మొదటి ఎండాకాలంలో వాడికి జ్వరం మీద జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోతే సిరప్ ఇచ్చేవాళ్లు, సాయంత్రానికి తగ్గేది, మళ్లీ మర్నాడు మధ్యాహ్నం వచ్చేది. అది పళ్ల జ్వరం అని వాడకట్టంతా తేల్చేసింది. పళ్లు వచ్చేటప్పుడు పిల్లలకు జ్వరాలు మామూలే అన్నారు. జ్వరాలైతే వచ్చాయి, పళ్లే రాలేదు. సంస్కృతంలో పంటిని ద్విజం అంటారు, రెండుసార్లు పుట్టేది అని అర్థం. తరగతిలో పిల్లలకు చెప్పేటప్పుడల్లా, మా వాడికి ఒక్కసారన్నా పుడితే చాలు అనుకునేదాన్ని.

చివరికి రెండో ఎండాకాలం మొదట్లో ఒక పన్ను వచ్చింది. పైచిగురులో వచ్చింది. మామూలు పలకలా కాకుండా కొనదేలి, తుమ్మముల్లు లాగా ఉంది. మొదట చూసింది మా అత్త. సంతోషంతో కేకవేస్తుందనుకుంటే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మా వైపు పిల్లలకు కింది పళ్లే ముందు రావాలి. పై పన్ను ముందొస్తే మేనమామకు గండం అంటారు. దానికి ఒక శాంతి ఉంది. మేనమామతో కొబ్బరికాయ కొట్టించి, గిన్నెలో నూనె పోసి, ముందు ఆ నూనెలో పిల్లవాడి ముఖం చూపిస్తారు. ఆ తరువాతే నేరుగా చూడాలి. అది అయ్యేదాకా మేనమామ పిల్లవాడి ఎదుటికి రాకూడదు. మా అత్త ఆ పూటే మా అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ పూజారిని అడిగింది. ఇప్పుడు మూఢం నడుస్తోంది, అది పోయాక చేద్దాం అన్నాడాయన. మూఢం పోయేసరికి ఎండాకాలం పోతుంది.

నేను పోట్లాడాను. పన్ను పైనొస్తే ఏమైంది, కిందొస్తే ఏమైంది, ఆ పిచ్చి మాటలు నా కొడుకు మీద రుద్దకండి అన్నాను. అమ్మ వాదించలేదు. "నాకు ఉన్నదొక్క కొడుకే బిడ్డా" అని ఏడ్చింది. పద్యాలకు ప్రతిపదార్థం చెప్పగలను గానీ అమ్మ ఏడుపుకు జవాబు చెప్పడం నాకు ఎన్నడూ రాలేదు. కట్టడి కట్టడిగానే ఉండిపోయింది.

ఇక్కడ మా అన్న గురించి చెప్పాలి. నాకంటే బాగా పెద్దవాడు, అప్పటికే నలభై దాటాయి. నోట్లో కొనదేలిన పళ్లు రెండో మూడో ఉంటాయి, అంతే. జుట్టు మొదటినుంచీ పలచన. మా ఇంట్లో ఇదేమీ వింత కాదు. అమ్మకు కూడా కొన్ని పళ్లు పుట్టుకతోనే లేవు. నాకు ముందరి పళ్ల పక్కన ఒకవైపు చిన్న మేకులాంటి పన్ను ఉంది, రెండోవైపు ఖాళీ. కొందరి ఇంట్లో అందరికీ ముక్కు పొడుగున్నట్టు, మాది పళ్లు తక్కువ ఇల్లు అని ఊళ్లో పేరు. అదొక జబ్బు కావచ్చని ఎవరికీ తోచలేదు.

అన్నకు ఊళ్లో ఇంకో పేరు కూడా ఉంది, పనిదొంగ అని. పల్లీ చేనులో పొద్దెక్కేదాకా అందరితో సమానంగా పని చేసేవాడు. ఎండ ముదిరిందంటే చాలు, చెప్పాపెట్టకుండా బావి దగ్గరికి పోయి, పశువులకు నీళ్లు పెట్టే సిమెంటు తొట్టిలో బట్టలతోనే పడుకునేవాడు. "బర్రె లెక్క నీళ్లల్ల పంటడు" అని కూలికి వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. మా నాయినకు అది తలకొట్టేసినట్టు ఉండేది. తొట్టిలోంచి లాగి చర్నకోలతో కొట్టడం చిన్నప్పుడు నేను చాలాసార్లు చూశాను. అన్న తిరగబడేవాడు కాదు. కొట్టడం అయిపోయాక, తడి చొక్కాతో వచ్చి మళ్లీ చేనులోకి దిగేవాడు. ఇద్దరు ముగ్గురు పిల్లనివ్వడానికి వచ్చి, పళ్లు చూసి, ఆ పేరు విని వెళ్లిపోయారు. నాయిన పోయాక అన్న పగటి పని మానేసి, రాత్రి కరెంటుకు ఊళ్లోవాళ్ల చేన్లకు నీళ్లు పారించే పని పెట్టుకున్నాడు.

ఆ ఏడు బడికి సెలవులిచ్చాక పిల్లవాడిని తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను. అన్న కోసం అమ్మ అన్నీ ఏర్పాట్లు చేసి పెట్టింది. అన్న వెనక కొట్టంలో ఉండాలి, పిల్లవాడు నిద్రపోతున్నప్పుడే ఇంట్లోకి వచ్చి అన్నం తిని పోవాలి, అప్పుడు కూడా పిల్లవాడి ముఖంమీద గుడ్డ వేసి ఉంచాలి. అన్న దేనికీ అడ్డు చెప్పలేదు. కొట్టంలోంచే "అల్లుడు ఏం జేస్తుండు చెల్లె?" అని అడిగేవాడు. నేను ఇవతలినుంచి చెప్పేదాన్ని. ఇంత దగ్గరలో ఉండి కూడా మామ అల్లుడి ముఖం చూడకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండేది.

అక్కడికి వెళ్లిన కొన్నాళ్లకే ఒక మధ్యాహ్నం పిల్లవాడికి మళ్లీ జ్వరం వచ్చింది. ఈసారి వంటిమీద చెయ్యి పెడితే కాలింది. సిరప్ పోస్తే కక్కేశాడు. అమ్మ, పక్కింటి ముసలవ్వ కలిసి, మా ఊళ్లో జ్వరానికి ఎవరైనా చేసేదే చేశారు. తలుపులు దగ్గరికి వేసి, పిల్లవాడిని పడుకోబెట్టి, మెడదాకా గొంగడి కప్పారు. "గుప్పున చెమట వట్టిందనుకో, జరం దానంతట అదే దిగుతది" అంది ముసలవ్వ. నేను కూడా చిన్నప్పుడు ఆ గొంగడి కిందే జ్వరాలన్నీ దించుకున్నదాన్ని. నాకు గంటలో చెమట పట్టేది.

వాడికి పట్టలేదు. గుక్కపెట్టి ఏడ్చాడు. కాసేపటికి ఏడుపు మూలుగయింది. తరువాత అదీ ఆగింది. నిద్ర పట్టింది, ఇంక దిగుతది అంది అమ్మ.

ఏడుపు ఆగడం కొట్టంలోంచి అన్న విన్నాడు. వెనక తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. అమ్మ ఎదురుగా వెళ్లి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"నువ్వు సూడొద్దు రా. ఇంకా శాంతి గాలే. బయటికి పో కొడుకా."

"జర పక్కకు జరుగమ్మా."

"గండం రా నీకు. నా మాట ఇను."

అన్న అమ్మను మెల్లగా పక్కకు జరిపి, మంచం దగ్గరికి వచ్చి గొంగడి లాగేశాడు. పిల్లవాడి కళ్లు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. అన్న వాడి వీపు కింద చెయ్యి పెట్టి, ఆ అరచేతిని మాకు చూపించాడు. చెయ్యి పొడిగా ఉంది.

"వీనికి చెమట రాదే. నాకు ఎన్నడన్న వచ్చిందా?" అన్నాడు.

ఆ మాట మాకెవరికీ అప్పుడు అర్థం కాలేదు. అన్న మా జవాబు కోసం ఆగలేదు. పిల్లవాడిని ఎత్తుకుని వాకిట్లోకి పోయి, నీళ్ల గోలెం పక్కన నీడలో చతికిలబడి, వాడిని ఒళ్లో పెట్టుకుని చెంబుతో నీళ్లు పోయసాగాడు. తల మీద, మెడ మీద, చంకల్లో, అట్లా ఆగకుండా పోస్తూనే ఉన్నాడు. తన తువ్వాల తడిపి వాడికి చుట్టాడు. "విసురు చెల్లె" అన్నాడు నాతో. నేను చాటతో విసిరాను. అమ్మ గడపలో కూర్చుని, కొడుకునూ మనవడినీ మార్చి మార్చి చూస్తూ, ఏ దేవుడికి మొక్కాలో తెలియనట్టు ఉంది. చాలాసేపటికి పిల్లవాడు కాళ్లు ఆడించాడు. తరువాత ఏడ్చాడు. నా జీవితంలో అంతకంటే మంచి చప్పుడు నేను వినలేదు.

తడిబట్టలతోనే ఆటో ఎక్కి వనపర్తి దవాఖానకు పోయాం. దారిపొడుగునా అన్న సీసాలో నీళ్లు వాడి తలమీద చిలకరిస్తూనే ఉన్నాడు. సగం దారిలో అమ్మ అడిగింది, "చిన్నప్పుడు నీకు గూడ జరమొస్తే గొంగడే గప్పితి గదరా, మరి నువ్వెట్ల బతికితివి?" అని.

"నువ్వు అటు వోంగనే తీసేస్తుంటి" అన్నాడు అన్న.

ఆటోలో ఉన్నామని కూడా చూడకుండా నేను ఏడ్చాను. నవ్వు కూడా వచ్చింది. గొంగడి కప్పితే తీసి పారేస్తాడు, మొండి ముండాకొడుకని అన్నకు దెబ్బలు పడేవని అమ్మే ఎన్నోసార్లు నాకు చెప్పింది.

వనపర్తిలో పిల్లల డాక్టరు వాడికి చూడవలసినవన్నీ చూసి, ప్రమాదం లేదని చెప్పాడు. చెప్పి, తల ఎత్తి, పిల్లవాడిని ఎత్తుకుని నిలబడ్డ మా అన్నను చూశాడు. మళ్లీ పిల్లవాడిని చూశాడు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోమని, ఇద్దరినీ నోరు తెరవమన్నాడు. పిల్లవాడి పల్చటి వెంట్రుకలు, ముల్లులాంటి పన్ను, పక్కనే మా అన్న పల్చటి వెంట్రుకలు, ముల్లుల్లాంటి పళ్లు. "ఈయన ఏమైతడు పిలగానికి?" అని అడిగాడు. మేనమామ అని చెప్పాను. "అట్లనే ఉంటది" అని, హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు రాసి ఇచ్చాడు. అంతకు ముందు ఎన్ని దవాఖానలకు తిరిగినా పిల్లవాడిని ఒక్కడినే చూశారు. వాళ్లిద్దరినీ ఒకచోట చూసిన మొదటి డాక్టరు ఆయనే. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

హైదరాబాద్‌కు అమ్మ, అన్న, నేను, పిల్లవాడు పోయాం. మా ఆయన ఉప్పునుంతల నుంచి నేరుగా అక్కడికి వచ్చాడు. రక్తం ఇచ్చి, ఫలితాల కోసం మళ్లీ పోయినప్పుడు ఒక డాక్టరమ్మ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఆమె చెప్పింది కొంత, తరువాత మా బడి సైన్సు టీచరును విసిగించి తెలుసుకున్నది కొంత, నాకు అర్థమైనంత వరకు ఇది.

కడుపులో పిండానికి ఇంకా ముఖం కుదురుకోకముందే పళ్ల పని మొదలవుతుందట. డాక్టరమ్మ ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి బోర్లించి చూపించింది. పై చెయ్యి పైపొర, కింది చెయ్యి కింది పొర. దవడ కాబోయే చోట పైపొర కొంచెం మందమై, కింది పొరకు కబురు పంపుతుంది, ఇక్కడ పన్ను మొదలుపెడదాం అని. కబురంటే ఏదో ఒక ప్రోటీను. ఒక కణం దాన్ని విడిస్తే ఇంకో కణం అందుకుంటుంది. ఆ కబురు అందాక కింది పొర మేలుకుని, అక్కడినుంచి అదే పెత్తనం తీసుకుని పైపొరకు తిరిగి చెబుతుంది, ఇట్లా మడత పడు, ఇట్లా లోపలికి దిగు అని. అట్లా మాటా మాటా నడుస్తుండగా అక్కడొక మొగ్గ వస్తుంది. మొగ్గ టోపీలా మారుతుంది, టోపీ గంటలా అవుతుంది. మధ్యలో కొన్ని కణాలు ముడిలా గుమిగూడతాయి. అవి మాత్రం పెరగవు. చుట్టూ ఉన్నవాటికి పెరగమని చెబుతాయి. పన్ను మీద ఎత్తుపల్లాలు ఎక్కడ రావాలో నిర్ణయించేది ఆ ముడే. పని కాగానే అది అక్కడే చచ్చిపోతుందట.

మా ఇంట్లో ఒకే ఒక్క కబురు తప్పిపోయింది. దాని పేరు ఎక్టోడిస్‌ప్లాసిన్. ఛందస్సు నేర్చిన నాలుకకే అది తిరగడానికి కొన్నాళ్లు పట్టింది. ఆ కబురు లేకపోతే ముడి సరిగా కట్టదు. చాలా పళ్లు మొదలే కావు, వచ్చిన పన్ను మడతలు పడక కొనదేలుతుంది. అసలు సంగతి ఇంకొకటి ఉంది. చర్మంలో చెమట గ్రంథి మొదలు కావాలన్నా, వెంట్రుక మొలవాలన్నా పైపొర కింది పొరతో ఇట్లాగే మాట్లాడుకోవాలి, అక్కడా ఇదే కబురు కావాలి. అందుకే పన్ను లేనివాడికి చెమట కూడా లేదు. పళ్ల జ్వరం అన్న వాడకట్టు పూర్తిగా తప్పు చెప్పలేదు, జ్వరానికీ పళ్లకూ చుట్టరికం ఉన్నమాట నిజమే. ఈ లోపం తల్లుల నుంచి కొడుకులకు వస్తుందట. ఆడవాళ్లకు కొంచెం తగిలి వదిలేస్తుంది, మగపిల్లలకు మొత్తంగా పడుతుంది. అందుకే మేనమామకూ మేనల్లుడికీ ఒకటే అయింది. పిల్లవాడి పంటితో మేనమామకు సంబంధం ఉందని మా పెద్దవాళ్లు ఎట్లా అన్నారో గానీ, అన్నారు. తీరా కలపవలసిన ఇద్దరినీ విడదీశారు.

ఇదంతా ఎక్కువగా ఎలుక పిండాల్లో చూసి తెలుసుకున్నారని, ఎలుకల్లోనూ పశువుల్లోనూ కూడా ఇదే లోపం ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. "నన్ను బర్రె అన్నోళ్లు ఊకనే అనలేదన్నట్టు" అని అన్న నవ్వాడు. ఎలుకల మీద నాకు అప్పటినుంచి గౌరవం కలిగింది. ఇంట్లో కనిపిస్తే చీపురు అందుకోవడానికి ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచిస్తాను. తరువాత అందుకుంటాను.

మందు లేదన్నారు. జాగ్రత్త ఉంది, కట్టుడు పళ్లు ఉన్నాయి. ఆ తరువాత మాకు దొరికిన మంచితనం తలచుకుంటే నా ఓపికలేనితనం మీద నాకే సిగ్గేస్తుంది. మా అత్త పాత నూలు చీరలు కత్తిరించి వాడికి బనీన్లు కుట్టింది, మిషన్ బనీన్లు నీళ్లు పట్టుకోవని ఆమె అభిప్రాయం. గద్వాలకు బదిలీ అయ్యాక బడిలో వాడిని మంచినీళ్ల కుండ పక్కన కూర్చోబెట్టమని అడగడానికి నేను ఎన్ని మాటలు సిద్ధం చేసుకుని పోయానో, హెడ్మాస్టరు "సరే మేడం" అని ఒక్క మాటతో తేల్చేశాడు. ఆటల పీరియడులో వాడి తలమీద నీళ్లు పోసే పనికి పిల్లలు వంతులు వేసుకుని కొట్లాడుకుంటారు. పళ్లు మొదటిసారి పెట్టించిన రోజు వాడు అద్దం ముందు నిలబడి చేసిన పని, నన్ను చూసి నాలుక బయటపెట్టడం. అన్నను కూడా పళ్లు కట్టించుకోమన్నాం. "ఇన్నేండ్లు చిగుర్లతోటి పల్లీలు నమిలిన, ఇంక నాకెందుకు తియ్యి" అన్నాడు. కానీ అల్లుడు వినలేదు. ఇద్దరికీ ఒకే దగ్గర కట్టించాం.

ఇంతమందికి రుణపడి ఉన్నాను గానీ, ఆ హైదరాబాద్ రోజు చివర్లో జరిగింది ఒకటి చెప్పకుండా ఇది ముగించలేను. అందరం లేచాం. డాక్టరమ్మ వేరే ఫైలు అందుకుంది. అన్న మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"మేడం, ఒక మాట. నేను ఎండల పని జేయలేకపోతుంటి. అది దొంగ వేషాలు గాదన్నట్టేనా?"

ఆమె ఫైలు పక్కన పెట్టింది. "కాదండీ. మీ శరీరానికి చల్లబడే దారి లేదు. మీరు నీళ్లలోకి పోకుండా ఎండలోనే ఉండి ఉంటే చనిపోయేవారు. అసలు అంత పని ఎట్లా చేశారో నాకు అర్థం కావడం లేదు" అంది.

అన్న అమ్మ వైపు చెయ్యి చూపించి, "జర ఇంకొక్కసారి జెప్తరా మేడం, మా అమ్మ ఇనాలె" అన్నాడు.

ఆమె కుర్చీ అమ్మ వైపు తిప్పుకుని, మళ్లీ మొదటినుంచి, మెల్లగా చెప్పింది. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు ఆర్పకుండా చివరిదాకా విన్నది.

"ఇన్న కొడుకా" అంది. "మీ నాయినకు గూడ నేనే జెప్త. పైకి వోంగనే ముందు ఇదే జెప్త."